సోమాజిగూడలో లించ్ సిండ్రోమ్ పరీక్షలు: మూడేళ్ల అనుభవం

మా అమ్మకు 46వ ఏట పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది, మేనమామకు అంతకు ముందే వచ్చింది. అమ్మకు ఎంఎల్‌హెచ్1 జన్యువులో లోపం, అంటే పెద్దపేగు వంటి కొన్ని క్యాన్సర్ల ముప్పును వంశపారంపర్యంగా పెంచే లించ్ సిండ్రోమ్, ఉందని తేలాక తమ్ముడూ నేనూ సోమాజిగూడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పరీక్ష చేయించుకున్నాము. ఈ లోపం ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. తమ్ముడికి రాలేదు, నాకు వచ్చింది. మూడేళ్లుగా అక్కడికే వెళ్తున్నాను.

అక్కడ నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచింది జెనెటిక్ కౌన్సెలర్ గారు మాకోసం వెచ్చించిన గంట. ఆవిడ మూడు తరాల వంశవృక్షం గీస్తూ, ఎవరికి ఏ వయసులో ఏ జబ్బు చేసిందో అమ్మను ఓపికగా అడిగి రాసుకున్నారు. "గర్భసంచి తీసేశారు" అని మా ఇంట్లో ఒక్క మాటతో సరిపెట్టిన పెద్దమ్మ సంగతి, ఆవిడ పట్టుబట్టి పాత కాగితాలు తెప్పించడం వల్లనే, గర్భాశయ క్యాన్సర్ అని బయటపడింది. లించ్ ఉన్న ఆడవారికి ఆ ముప్పు కూడా ఎక్కువే.

కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) విభాగం పనితనం మెచ్చుకోదగినది. మామూలుగా పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగే చిన్న కండ) క్యాన్సర్‌గా మారడానికి పదేళ్ల దాకా పడుతుందంటారు, లించ్ ఉన్నవారిలో రెండు మూడేళ్లలోనే మారవచ్చు. అందుకే ఎంఎల్‌హెచ్1 లోపం ఉన్నవారికి 20–25 ఏళ్ల వయసు నుంచే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఈ పరీక్ష అవసరం. పేగు శుభ్రపరిచే మందును ముందురోజు రాత్రి సగం, తెల్లవారుజామున సగం తాగాలని వివరించే కాగితాన్ని తెలుగులోనే ఇచ్చారు. గొట్టం సీకం (పెద్దపేగు మొదలయ్యే చోటు) వరకు చేరిందా, పేగు ఎంత శుభ్రంగా ఉంది, గొట్టం వెనక్కి తీస్తూ ఎన్ని నిమిషాలు చూశారు అన్నవన్నీ రిపోర్టులో రాశారు. ఇవి లేని రిపోర్టును ఎక్కడైనా సరే అడిగి రాయించుకోండి. నిరుడు ఒక చిన్న అడినోమాను (క్యాన్సర్‌గా మారగల రకం పాలిప్‌ను) అప్పటికప్పుడే తీసేశారు.

కౌంటర్ దగ్గర మాత్రం బాధ కలిగింది. వయసు చూసి, కొలనోస్కోపీ దేనికని ప్రశ్నించి, అది లేని హెల్త్ చెకప్ ప్యాకేజీని రెండుసార్లు అంటగట్టబోయారు. గడువు గుర్తుచేస్తూ ఒక్క ఫోనైనా రాలేదు. ఏళ్ల తరబడి సాగవలసిన పరీక్షలకు ఇది చిన్న లోపం కాదు.

పెద్దమ్మ కూతుళ్ల కోసం అడిగితే కౌంటర్‌లో ముందుగా పెద్ద జన్యు ప్యానెల్ (ఒకేసారి చాలా జన్యువులను చూసే పరీక్ష) ధర చెప్పారు. కుటుంబంలోని లోపం ఏదో ఇప్పటికే తెలుసు కనుక ఆ ఒక్కచోట చూసే పరీక్ష చాలునని కౌన్సెలర్ గారు సరిదిద్దారు. వచ్చే వారం అక్కలిద్దరినీ, అమ్మ రిపోర్టునూ వెంటబెట్టుకొని వెళ్తున్నాను.