వీణ నాదం ఆరేదాకా: రెండు ఇన్‌పుట్ల చిన్న ఇంటర్‌ఫేస్‌తో నా అనుభవం

ఇంటి స్టూడియో కోసం ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు చేర్చే పెట్టె, కొనేవారు అన్నిటికన్నా ముందు చూడవలసింది ఒకటుంది. మైకు ఎదుట ఎవరూ పలకకుండా, శబ్దాన్ని పెంచే గెయిన్ నాబును దాదాపు చివరిదాకా తిప్పినప్పుడు హెడ్‌ఫోన్‌లో ఏమి వినిపిస్తోంది అన్నదే అది. యూఎస్‌బీ కరెంటు మీదే నడిచే రెండు ఇన్‌పుట్ల పెట్టెను హైదరాబాదు నల్లకుంటలోని మా ఫ్లాట్‌లో కొన్నేళ్లుగా వాడుతున్నాను. 192 కిలోహెర్ట్‌జ్ శాంప్లింగ్ గురించీ, కన్వర్టర్ల గొప్పతనం గురించీ అట్టపెట్టె మీద రాసినవేవీ నా పనిలో తేడా చూపలేదు. నా రికార్డింగులన్నీ 24 బిట్, 48 కిలోహెర్ట్‌జ్‌లోనే జరుగుతాయి. తేడా చూపింది మైకు ఇచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్ ఒక్కటే, అదీ చిన్న శబ్దాన్ని పెద్దది చేయవలసి వచ్చినప్పుడు.

నేను రికార్డు చేసేవి రెండే: మా అక్క వాయించే వీణ, నేను చదివే కథలు. ఏకాండి పనసకర్రతో చేసిన బొబ్బిలి వీణే అయినా, అనుమంద్ర తంత్రిని మీటి గమకంతో సాగదీసినప్పుడు నాదం మొదట నిండుగా పలికి, ఆ తరువాత చాలా నెమ్మదిగా సన్నగిల్లుతుంది. ఆలాపనలో రాగభావం ఎక్కువగా ఆ సన్నగిల్లే చోటే ఉంటుంది కనుక, సరిగ్గా అక్కడ ప్రీయాంప్ సొంత రొద నాదాన్ని మింగేస్తే ఆ రికార్డింగు దాచుకోదగినది కాదు. ఈ పెట్టెలో అలా జరగలేదు. చిన్న శబ్దాన్ని కూడా పట్టే కండెన్సర్ మైకును వీణ కుండకు మూరెడు దూరంలో నిలిపి, నాబును సగం దాటించి తీసిన ఆలాపనలో, తీగ కదలిక పూర్తిగా ఆగేదాకా నాదం వినిపించినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇది ఒక్క కంపెనీ ఘనత మాత్రం కాదు. మైకుకు ఉండేపాటి 150 ఓమ్‌ల నిరోధంలో కేవలం ఉష్ణోగ్రత వల్లనే పుట్టే రొద సుమారు -131 డీబీయూ ఉంటుంది (ఈ కొలతలో మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ రొద తక్కువ). ఎంత ఖరీదైన ప్రీయాంప్ అయినా అంతకు కిందికి దిగలేదు. ఈనాటి చౌక ఇంటర్‌ఫేసుల వివరాల్లో ప్రీయాంప్ సొంత రొదకు ఈఐఎన్ పేరుతో ఇచ్చే అంకె -127, -128 దగ్గర కనిపిస్తుంది. కొలిచే పద్ధతుల్లో తేడాలున్నా, ఎంత డబ్బు పోసినా తగ్గించగలిగేది మూడు నాలుగు డీబీలే. పైగా మంచి కండెన్సర్ మైకు ముందు అది కూడా లెక్కకు రాదు. రోడ్ ఎన్‌టీ1-ఏ వంటి మైకు సొంత రొద 5 డీబీఏ మాత్రమే. అర్ధరాత్రి దాటాక కూడా పక్క ఫ్లాట్ ఏసీ, వీధిలో పోయే ఆటో కలిసి మా గదిలో అంతకు ఎన్నో రెట్ల చప్పుడు నింపుతాయి. అందువల్ల హైదరాబాదు ఫ్లాట్‌లో కండెన్సర్ మైకు వాడేవారికి ప్రీయాంప్ రొద కన్నా గది రొదే పెద్ద సమస్య.

అయినా, ఒక వేసవిలో ఇదే పెట్టె నన్ను చాలా వేధించింది. కచేరీల కోసం అక్క తన వీణకు వాద్యం కంపనాన్ని నేరుగా పట్టే కాంటాక్ట్ పికప్ బిగించుకుంది. మైకుతో పాటు దానినీ రెండో ఇన్‌పుట్‌లో ఇన్‌స్ట్రుమెంట్ మీటతో కలిపి శంకరాభరణం మొదలుపెట్టాము. కొద్దిసేపటికే అక్క మీటడం ఆపి, "తీగ ఆగకముందే వెనక ఏదో గుయ్యిమంటోందిరా, నీకు వినపడటం లేదా?" అని అడిగింది. హెడ్‌ఫోన్ పెట్టుకొని వింటే ఆమె చెప్పింది నిజమే. ప్రీయాంప్ రొద అయితే స్స్ అంటూ పైస్థాయి నుంచి కిందిస్థాయి దాకా సమంగా పరచుకొని ఉంటుంది. ఇది ఒక శ్రుతి పట్టుకొని మోగుతోంది. సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ తెరిచి చూస్తే 50, 100, 150 హెర్ట్‌జ్‌ల దగ్గర గీతలు నిలువుగా లేచి ఉన్నాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది కనుక ఆ మోత ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు. అక్క వీణ మూడు శ్రుతిలో (ఆధార షడ్జం పాశ్చాత్య E) ఉంటుంది. ఆ శ్రుతికి 100 హెర్ట్‌జ్ మోత సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో, ఏ స్వరంలోనూ కుదరకుండా పలుకుతుంది. అది అడుగున మోగుతూ ఉండగా శంకరాభరణం వాయించడం ఆమెకు ఎంత బాధగా ఉండి ఉంటుందో సంగీతం తెలిసినవారు ఊహించగలరు.

ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే, చౌక ఇంటర్‌ఫేసుల ప్రీయాంపులు ఇలాగే ఉంటాయని, విడిగా ఒక ప్రీయాంప్ కొనుక్కుంటే మోత పోతుందని ఒక దుకాణదారు చెప్పారు. కొనేముందు ఒక మిత్రుడి దగ్గర నుంచి అటువంటిది తెచ్చి కలిపి చూశాను. మోత తగ్గలేదు సరికదా, దాని అడాప్టర్ కూడా గోడ ప్లగ్గులోకే వెళ్లడంతో ఇంకొంత పెరిగింది. పైగా చాలా చిన్న ఇంటర్‌ఫేసుల్లో లైన్ ఇన్‌పుట్‌కు ఇచ్చిన సిగ్నల్ కూడా తగ్గింపుకు లోనై మళ్లీ లోపలి ప్రీయాంప్ గుండానే వెళ్తుంది కాబట్టి, బయట కొన్న ప్రీయాంప్ లోపలిదాన్ని తప్పించదు.

అసలు ఆధారం వేరే చోట దొరికింది. అక్క మోచేయి లాప్‌టాప్ లోహపు అంచుకు తగిలినప్పుడల్లా మోత మారుతోంది. ఆమెకు అక్కడ సన్నగా జివ్వుమంటోంది. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపిస్తే మోత పూర్తిగా ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి, ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూసి, అది వెలగకపోవడంతో సాకెట్ విప్పి, "ఈ సాకెట్‌ల ఎర్తు వైరే కలపలేదు సార్" అన్నాడు. లాప్‌టాప్ ఛార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు లీకయ్యే కొద్దిపాటి కరెంటును ఎర్తులోకి పంపాలి; ఎర్తు లేనప్పుడు లాప్‌టాప్ లోహభాగం 230 వోల్టుల్లో సుమారు సగం దగ్గర తేలుతూ ఉంటుంది. ఆ కరెంటు యూఎస్‌బీ కేబుల్ గుండా ఇంటర్‌ఫేస్‌లోకి, అక్కడి నుంచి పికప్ తీగలోకి దారి చేసుకుంటుంది. పికప్‌ది అన్‌బ్యాలెన్స్‌డ్ తీగ, అంటే సిగ్నల్‌కు ఒకే తీగ ఉన్నది కనుక చేరిన మోత అలాగే మిగులుతుంది. కండెన్సర్ మైకుది సిగ్నల్‌కు రెండు తీగలుండే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ కనుక, అందులోని రెండు తీగల్లోనూ ఒకేలా చేరిన మోతను ప్రీయాంప్ రద్దు చేయగలిగింది; అదే సమయంలో తీసిన మైకు ట్రాకులో మోత దాదాపు లేకపోవడానికి కారణం ఇదే. మెయిన్ బోర్డు నుంచి ఎర్తు వైరు లాగించాక పికప్ ట్రాకు కూడా శుభ్రపడింది. మోత పోవడానికి ప్లగ్గుకు ఎర్తు పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవారున్నారు. అది ప్రాణాపాయం, ఎవరు చెప్పినా చేయవద్దు.

ప్రీయాంప్ రొద సమస్య కాదని పైన నేను అన్నది వీణకూ కండెన్సర్ మైకుకూ సరిపోయే మాట. కథలు చదవడానికి నేను వాడే ష్యూర్ ఎస్‌ఎమ్58 సంగతి వేరు. గది చప్పుడు తక్కువగా పడుతుందని కండెన్సర్ అంత సున్నితం కాని ఈ డైనమిక్ రకం మైకునే ఎంచుకున్నాను. అయితే ఒక పాస్కల్ శబ్దానికి ఎన్‌టీ1-ఏ 25 మిల్లీవోల్టులు ఇస్తే ఇది 1.85 మాత్రమే ఇస్తుంది. నాలుగు వేళ్ల దూరంలో చదివితే ఆడియో పుస్తకాలు ప్రచురించే ఆడిబుల్‌వారి ఏసీఎక్స్ వేదిక నిబంధన కోరే -60 డీబీ నిశ్శబ్దాన్ని అందుకోగలుగుతున్నాను. జానెడు వెనక్కి జరిగితే నాబు చివరిదాకా పోతుంది, రొద పైకి తేలుతుంది. మరీ దగ్గరైతే భ, ఫ, ఘ వంటి ఒత్తక్షరాల ఊపిరి మైకును కొడుతుంది, కిందిస్థాయి ఉబ్బుతుంది. మైకుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య క్లౌడ్‌లిఫ్టర్ రకం బూస్టర్ పెడితే, ఇంటర్‌ఫేస్ మైకు కేబుల్ గుండా పంపే కరెంటు (ఫాంటమ్ పవర్) తీసుకొని 25 డీబీల వరకు పెంచుతుంది. దానితో నాబు మధ్యలోనే ఆగుతోంది కానీ, నా చెవికి రొద తగ్గింది కొద్దిగానే. ఇంటర్‌ఫేస్ ప్రీయాంప్ మరీ రొదగా ఉన్నప్పుడో, గెయిన్ అసలు చాలనప్పుడో తప్ప అది పెద్ద మేలు చేయదు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరంలో 56 డీబీలున్న గెయిన్ 2023లో వచ్చిన నాలుగో తరంలో 69కి పెరిగింది. డైనమిక్ మైకే వాడేవారు కొత్తగా కొనేటట్లయితే బూస్టర్ డబ్బును ఇటువంటి ఇంటర్‌ఫేస్ వైపు మళ్లించడం నయం.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లినప్పుడు మాత్రం పికప్‌లో సన్నని మోత ఇప్పటికీ తిరిగి వస్తుంది. మాది స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్. ఆ సమయంలో ఛార్జర్ తీసి బ్యాటరీ మీదే రికార్డు చేస్తాము.

ఒక గొంతు, లేదా ఒక వాద్యం రికార్డు చేసుకునే నా వంటివారికి ఈ తరగతి పెట్టె చాలుననే అంటాను. గది గోడలు, సాకెట్లు మీ చేతిలో లేని అద్దె ఇంట్లో ఉంటే నా ఫలితమే మీకూ వస్తుందని చెప్పలేను. అక్క ఇప్పుడు మృదంగాన్ని కూడా కలిపి రికార్డు చేద్దామంటోంది. మృదంగం రెండు వైపులకూ రెండు మైకులు, వీణకు ఒకటి కావాలి. అందుకు ఈ పెట్టె చాలదు కనుక, ఈసారి నాలుగు మైకు ప్రీయాంపులున్న ఇంటర్‌ఫేస్ కోసం చూస్తున్నాను. విడి ప్రీయాంప్ మాత్రం కొనను.