యాప్ డిలీట్ చేసినా బిల్లు ఆగలేదు: క్లౌడ్ హోస్టింగ్ తీసుకునేవాళ్లు చూసుకోండి

మా బావకు గుంటూరులో పచ్చళ్ల వ్యాపారం. ఆర్డర్ల కోసం జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) చిన్న వెబ్‌సైట్ రాసిచ్చాను. ఇదివరకు ఇలాంటివి హెరోకు అనే క్లౌడ్ హోస్టింగ్ కంపెనీలో, అంటే వాళ్ల సర్వర్ల మీద, ఉచితంగా నడిపేవాణ్ణి. 2022 నవంబరు 28 నుంచి వాళ్లు ఉచిత ప్లాన్లు ఎత్తేశాక వేరే చోటు వెతుక్కున్నాను. ఆ కంపెనీ పేరు రాయను. ఇలాంటి పద్ధతులు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి, పేరు చెబితే మిగతావన్నీ మంచివనుకుంటారు.

గిట్‌లో (కోడ్ మార్పులు దాచే సాధనం) కోడ్ పుష్ చేస్తే, అంటే పైకి పంపితే చాలు, రెండు నిమిషాల్లో సైట్ లైవ్. నెలకు యాప్‌కి (అంటే సైట్‌ని నడిపే ప్రోగ్రాంకి) 7 డాలర్లు, డేటాబేస్‌కి 15. వారం బాగానే నడిచింది. డెలివరీ ఛార్జీలో చిన్న తప్పు దిద్ది కోడ్‌ని మళ్లీ డిప్లాయ్ చేశానో (సర్వర్‌లోకి ఎక్కించానో) లేదో, బావ ఫోను: "ఏరా, ఆవకాయ లేదు, గోంగూర లేదు, ఫొటోలన్నీ ఏమైపోయాయి?"

జరిగింది ఇది. అడ్మిన్ పేజీలో ఎక్కించిన ఫొటోలు సర్వర్‌లోని మీడియా ఫోల్డర్‌లోకి వెళ్తాయి. డిప్లాయ్ చేసిన ప్రతిసారీ కొత్త కంటైనర్ (యాప్ నడిచే విడి డబ్బా లాంటిది) వస్తుంది, పాతదానితో పాటే ఆ ఫోల్డరూ పోతుంది. ఒక్కోసారి రీస్టార్ట్ అయినా అంతే. డేటాబేస్ వేరేగా ఉంటుంది కాబట్టి పేర్లు, ధరలు పదిలంగానే ఉన్నాయి. మన ల్యాప్‌టాప్‌లో టెస్ట్ చేస్తే ఇది బయటపడదు. పచ్చళ్ల ఫొటోలు బావ ఫోన్‌లో ఉన్నాయి కనుక బతికిపోయాను. కస్టమర్లు ఎక్కించిన పేమెంట్ స్క్రీన్‌షాట్లు మాత్రం పోయినట్టే. రెండు రోజులకు సపోర్ట్ వాళ్లు డాక్యుమెంటేషన్ లింకు పంపి ఊరుకున్నారు. అందులో ఉంది నిజమే, ప్లాన్ కొనే పేజీలో మాత్రం ఎక్కడా లేదు. చెరిగిపోని డిస్క్ కావాలంటే దానికి విడిగా డబ్బు కట్టాలట.

విసుగొచ్చి సైట్ వేరే చోటికి మార్చి, పాత కంపెనీలో యాప్ డిలీట్ చేశాను. అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. యాప్ పోయింది, డేటాబేస్ పోలేదు. అది వేరే సర్వీసు కింద లెక్క. మూడు నెలలు 15 డాలర్ల చొప్పున కట్ అయింది. పైన 18 శాతం జీఎస్టీ, బ్యాంకు వాళ్ల ఫారిన్ కరెన్సీ ఛార్జీ. అంతా కలిపి దాదాపు నాలుగున్నర వేలు. ఆటో డెబిట్ 15,000 లోపు అయితే ఓటీపీ అడగరు. ముందురోజు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది, నేనేమో ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ అనుకుని వదిలేశాను. ఆ తప్పు నాదే.

బిల్లు ఇంత దాటితే చెప్పమని బడ్జెట్ అలర్ట్ పెట్టాను కదా అని ధైర్యంగా ఉండకండి. మామూలుగా అది మెయిల్ పంపుతుందంతే, సర్వీసును ఆపదు. వదిలేసేటప్పుడు డేటాబేస్, డిస్క్, బ్యాకప్‌లు, ఐపీ అడ్రస్ ఒక్కొక్కటీ విడిగా తీసేసి, ఆటో డెబిట్‌కి ఇచ్చిన అనుమతి (మ్యాండేట్) కూడా బ్యాంకు యాప్‌లో రద్దు చేయండి. వచ్చే నెల బిల్లు సున్నా వచ్చిందో లేదో చూడండి.

రీఫండ్ అడిగితే చివరి నెల 15 డాలర్లు ఇచ్చారు, అదీ క్రెడిట్ల రూపంలో. వాళ్ల దగ్గర మళ్లీ సర్వీసు కొంటేనే పనికొస్తాయట.