ఫార్మాట్ కొట్టించినా మారని మా సిస్టమ్: మూడేళ్ల వాడకం తర్వాత

‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ అని టైపు చేస్తే అక్షరాలు వెంటనే పడేవి కావు. రెండు మూడు సెకన్లు స్క్రీన్ బిగుసుకుపోయి, ఆ తర్వాత అన్నీ ఒక్కసారిగా వచ్చి పడేవి. మధ్యలో ఒక వత్తు తప్పు పడినా తెలిసేది కాదు. పక్కనే పెళ్లికూతురి తండ్రి కూర్చుని ప్రూఫ్ కోసం చూస్తుంటే ఆ రెండు సెకన్లు ఎంత టెన్షన్ పెడతాయో డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చు పేజీలు తయారుచేసే) పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. అదీ నిన్నగాక మొన్న ఫార్మాట్ కొట్టించిన, అంటే అన్నీ చెరిపేసి విండోస్ కొత్తగా వేయించిన, సిస్టమ్ మీద.

మాది తెనాలిలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు మా పని. షాపులో ఉన్నది 2014లో అసెంబుల్ చేయించిన సిస్టమ్. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 4 జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 7 మీద ఎనిమిదేళ్ల పైన నడిచింది. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14నే ఆగిపోయినా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లతో మా పని సాగిపోతోంది కాబట్టి నేను కదల్లేదు. క్రోమ్ బ్రౌజర్ 109 తర్వాత వచ్చే వెర్షన్లు విండోస్ 7లో నడవవని చెప్పాక ఇక తప్పలేదు. 2023 సంక్రాంతి సెలవుల్లో విండోస్ 10 వేయించాను. మాఘమాసం వారంలో మొదలవుతుంది, శుభలేఖల ఆర్డర్లు అప్పటికే వచ్చి ఉన్నాయి. పనిలో పనిగా ఇంకో 4 జీబీ ర్యామ్ కూడా కొని పెట్టించాను.

కొత్తగా ఓఎస్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే కొత్త కంప్యూటర్‌లా పరుగెత్తుతుందని నా నమ్మకం. జరిగింది వేరు. స్విచ్ వేశాక డెస్క్‌టాప్ కనబడటానికి మూడు నిమిషాలు, కనబడ్డాక స్టార్ట్ మెనూ తెరుచుకోవడానికి ఇంకో రెండు నిమిషాలు. మౌస్ బాణం మాత్రం హాయిగా కదిలేది, క్లిక్ చేస్తే ఏదీ పలికేది కాదు. క్యాబినెట్ ముందున్న, డిస్క్ పనిలో ఉందని చెప్పే ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండేది. ఫార్మాట్ చేసిన కుర్రాడికి ఫోన్ చేస్తే, “అన్నా, పాత సిస్టమ్ కదా, ఇంక ఇంతే. కొత్తది తీసుకోండి” అన్నాడు. అప్పటికి ముప్పై వేలు పెట్టే పరిస్థితి లేదు. అందుకే నేనే కూర్చున్నాను.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. సిస్టమ్ స్లో అయిందనిపిస్తే మొదట తెరవాల్సింది అదే అని ఈ మూడేళ్లలో నాకు బాగా తెలిసింది. నా దాంట్లో సీపీయూ, అంటే ప్రాసెసర్ వాడకం, పది శాతం దాటలేదు. మెమరీ అరవై చిల్లర. డిస్క్ మాత్రం నూటికి నూరు. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లి డిస్క్ మీద నొక్కితే అసలు సంగతి కనబడింది. డిస్క్ వంద శాతం పనిలో ఉంది, కానీ చదివే వేగం సెకనుకు ఒకటిన్నర ఎంబీ. సగటు రెస్పాన్స్ టైమ్ రెండు వేల మిల్లీసెకన్లు దాటుతోంది. అంటే ఒక చిన్న ముక్క అడిగితే అది తెచ్చివ్వడానికి డిస్క్ రెండు సెకన్లు తీసుకుంటోంది. నా వత్తులు ఆలస్యంగా పడటానికి కారణం అక్కడే కనబడుతోంది.

అయితే ఇక్కడ తొందరపడకూడదు. ఓఎస్ కొత్తగా వేసిన మొదటి రోజు ఏ కంప్యూటర్‌లోనైనా డిస్క్ బిజీగానే ఉంటుంది. అప్‌డేట్లు దిగుతుంటాయి, సెర్చ్ కోసం ఫైళ్లన్నింటినీ ఇండెక్స్ చేస్తుంటుంది, యాంటీవైరస్ మొత్తం ఒకసారి తిరిగి చూస్తుంది. అందుకని రాత్రంతా ఆన్ చేసి వదిలేశాను. మర్నాడు పొద్దున పొగమంచులో షాపు తీసి చూస్తే అప్‌డేట్లన్నీ అయిపోయాయి, డిస్క్ మాత్రం ఇంకా వందలోనే ఉంది.

డివైస్ మేనేజర్ చూశాను. డిస్‌ప్లే దగ్గర ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంది. తెరను సరిగ్గా నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్, ఎక్కలేదని దాని అర్థం. పేజీ పైకి కిందికి జరిపితే అలలు అలలుగా కదలడం, అక్షరాలు సాగదీసినట్టు కనబడటం దీనివల్లే. బోర్డు తయారు చేసిన కంపెనీ సైటు నుంచి డ్రైవర్లు దింపి వేశాక తెర చక్కబడింది, వీడియోలు ఆగకుండా ఆడాయి. టైపింగ్ ఆలస్యం మాత్రం అలాగే ఉంది.

సిస్టమ్ వివరాలు చూస్తే ఇంకో తప్పు బయటపడింది. ర్యామ్ 8 జీబీ అని ఉంది, దాని పక్కనే వాడుకోదగినది 3.45 జీబీ అని ఉంది. కుర్రాడు 32 బిట్ విండోస్ వేశాడు! అది 4 జీబీకి మించి వాడుకోలేదు. నేను డబ్బు పెట్టి కొన్న ర్యామ్ ఊరికే కూర్చుని ఉంది. 64 బిట్ ప్రాసెసర్ ఉన్నప్పుడు 64 బిట్ ఓఎస్సే వేయించుకోండి. ఫార్మాట్ అయ్యాక అక్కడే నిలబడి ఈ ఒక్క లైను చూసుకుంటే రెండోసారి తిప్పలు ఉండవు.

అసలు జబ్బు క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చెప్పింది. నీలం రంగులో ‘గుడ్’ అని ఉండాల్సిన చోట పసుపు రంగులో ‘కాషన్’ అని వచ్చింది. కింద పట్టికలో 05 నంబరు దగ్గర, సి5 నంబరు దగ్గర సున్నా ఉండాలి, రెండు చోట్లా అంకెలు ఉన్నాయి. 05 అంటే చెడిపోయి పక్కన పెట్టేసిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా ఉండే చిన్న గళ్లు). సి5 అంటే చదవడానికి మొరాయిస్తూ ఇంకా ఎటూ తేలనివి. మొరాయించే సెక్టార్ తగిలినప్పుడల్లా డిస్క్ దాన్ని మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది, అంతసేపూ మిగతా పనులన్నీ వరసలో నిలబడాల్సిందే. ఫార్మాట్‌తో అది ఎలా బాగవుతుంది? ఓఎస్‌ని ఎన్నిసార్లు మార్చినా అది కూర్చునేది ఆ డిస్క్ మీదే కదా. పైగా విండోస్ 10 వెనకాల విండోస్ 7 కన్నా ఎక్కువ పనులు నడుపుతుంది, డిస్క్‌ని ఎక్కువసార్లు అడుగుతుంది. పాత ఓఎస్ కింద దాగిన జబ్బు కొత్త ఓఎస్ రాగానే బయటపడింది. అదే పట్టికలో సి7 నంబరు పెరుగుతుంటే డేటా కేబుల్‌ని అనుమానించాలి. ముందు కేబుల్ మార్చి చూడండి, దాని ఖర్చు వంద రూపాయల లోపే. నా దాంట్లో సి7 సున్నాలోనే ఉంది.

హార్డ్ డిస్క్ బదులు 480 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్) కొన్నాను, మూడు వేల లోపే అయింది. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) సాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐలో ఉందో లేదో చూసుకుని, 64 బిట్ విండోస్ 10 నేనే వేసుకున్నాను. ఆ మోడ్ ఓఎస్ వేయకముందే చూసుకోవాలి, వేశాక మారిస్తే బూట్ అవకుండా ఆగిపోయే ప్రమాదం ఉంది. స్విచ్ వేసిన ఇరవై సెకన్లకు డెస్క్‌టాప్ వచ్చింది. స్టార్ట్ మెనూ నొక్కీ నొక్కకముందే తెరుచుకుంది. పేజ్‌మేకర్ తెరిచి ‘శ్రీరస్తు’ కొట్టాను. వేలు కదిలిన వెంటనే అక్షరం పడింది. ఆ రోజు రాత్రి పదకొండు దాకా షాపులోనే ఉండి రెండు శుభలేఖలు పూర్తి చేశాను.

కానీ నాలుగు రోజులకే మళ్లీ ఆగిపోవడం మొదలైంది. ఫోల్డర్ తెరిస్తే పైన ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతూ మధ్యలో నిలిచిపోయేది. ఎస్ఎస్‌డీ కూడా పోయిందేమోనని గుండె జారింది. కారణం ఏమిటంటే, పాత హార్డ్ డిస్క్‌ని డీ డ్రైవ్‌గా అలాగే ఉంచాను, పాత కస్టమర్ల ఫైళ్లు ఉన్నాయని. చెడిపోతున్న డిస్క్ ఒక్కటి తగిలించి ఉన్నా చాలు, విండోస్ దాన్ని పలకరించిన ప్రతిసారీ జవాబు కోసం మొత్తం ఆగుతుంది. అవసరమైన ఫైళ్లు రెండు రోజుల పాటు కొంచెం కొంచెంగా బయటి డిస్క్‌లోకి తీసుకుని దాన్ని ఊడదీశాను. ఏడెనిమిది పాత ఫైళ్లు ఎంత ప్రయత్నించినా రాలేదు. అందులో మా చెల్లెలి పెళ్లి శుభలేఖ ఒకటి. పాత డిస్క్‌ని కాపీ చేసుకునేంతవరకే ఉంచండి, తర్వాత ఆలోచించకుండా తీసేయండి.

ఇక మూడేళ్ల వాడకం. రోజుకు పది గంటలు, ఆదివారాలు మినహా. ఎస్ఎస్‌డీ ఆరోగ్యం ఇప్పుడు 93 శాతం చూపిస్తోంది. ఇప్పటిదాకా రాసింది సుమారు 17 టీబీ, కంపెనీ చెప్పిన పరిమితి 160 టీబీ. ఎస్ఎస్‌డీ తొందరగా అరిగిపోతుందని నన్ను భయపెట్టినవాళ్లు చాలామంది. నాలాంటి వాడకానికి ఆ భయం అక్కర్లేదు. నచ్చనివి కూడా ఉన్నాయి. ఫ్లెక్సీ ఫైళ్లు ఇరవై ముప్పై జీబీ ఒకేసారి కాపీ పెడితే మొదట సెకనుకు 400 ఎంబీ వేగంతో మొదలై, కాసేపటికి 70 దగ్గరకు పడిపోతుంది. తక్కువ ధర ఎస్ఎస్‌డీల్లో వేగంగా రాసే భాగం కొంచెమే ఉంటుంది, అది నిండాక అంతే. నూటికి తొంభై వంతులు నిండినప్పుడు కూడా మందగించింది. అప్పట్నుంచి వంద జీబీ ఖాళీగా ఉంచుతున్నాను. ఇంకో ముఖ్యమైన మాట. హార్డ్ డిస్క్ పోయే ముందు చప్పుడు చేస్తుంది, స్లో అవుతుంది. ఎస్ఎస్‌డీ చాలాసార్లు చెప్పకుండా పోతుంది. అందుకే ప్రతి శనివారం సాయంత్రం బయటి డిస్క్‌లోకి బ్యాకప్ తీస్తాను, యూపీఎస్ లేకుండా సిస్టమ్ ఆన్ చేయను.

మధ్యలో ఒకసారి, ఏమీ మార్చకుండానే బరువెక్కినట్టు అనిపించింది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ దగ్గర ‘అప్ టైమ్’ చూస్తే పదకొండు రోజులు అని ఉంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాను! ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆరిపోదు, నిద్రపోయి లేస్తుంది. రీస్టార్ట్ కొడితేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది. ఎస్ఎస్‌డీ మీద ఆ సదుపాయంతో కలిసొచ్చేది కొన్ని సెకన్లే కాబట్టి తీసేశాను.

అలాగని ప్రతి స్లో సిస్టమ్‌కీ ఎస్ఎస్‌డీనే మందు అనుకోవద్దు. పోయిన ఏడాది మా మేనకోడలు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. “మావయ్యా, రెండుసార్లు ఫార్మాట్ కొట్టించాను, అయినా అంతే” అంది. దాంట్లో ఎస్ఎస్‌డీ ముందే ఉంది. టాస్క్ మేనేజర్‌లో ఈసారి డిస్క్ ఖాళీగా ఉంది, సీపీయూ వంద శాతం. వేగం దగ్గర 0.39 గిగాహెర్ట్జ్ అని కదలకుండా నిలబడి ఉంది, ఆ ప్రాసెసర్ రెండు దాటాలి. ఛార్జర్ పిన్ను తీసేసి చూశాను. అంకె ఒక్కసారిగా రెండుకు పైన లేచింది. మళ్లీ పెడితే 0.39. అసలు ఛార్జర్ పోతే బయట ఏదో చవకది కొన్నారట. దాని వాటేజ్ ల్యాప్‌టాప్‌కి తెలియక, జాగ్రత్త కోసం ప్రాసెసర్‌ని కట్టేస్తోంది. స్విచ్ వేసినప్పుడల్లా తెర మీద ఆ సంగతి ఒక లైనులో వస్తూనే ఉంది, పిల్ల చదవకుండా ఎంటర్ నొక్కేస్తోంది. సరైన ఛార్జర్ కొన్నాక ఇంకేమీ చేయాల్సిన అవసరం రాలేదు.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. నాలుగో తరం ప్రాసెసర్ విండోస్ 11 అర్హత జాబితాలో లేదు, అడ్డదారిలో వేయడం నాకు ఇష్టం లేదు. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరాను, అది 2026 అక్టోబర్ 13 దాకా ఉంది. అప్పటికి పన్నెండేళ్లు నిండుతాయి దీనికి. కొత్త సిస్టమ్ కోసం నెలనెలా కొంత పక్కన పెడుతున్నాను. ఈ మాఘమాసం శుభలేఖలు మాత్రం దీని మీదే అవుతున్నాయి.