తొమ్మిదేళ్లు వాడాక చెబుతున్నా: క్వాలిటీ టూల్స్‌లో ఏది పనికొచ్చింది, ఏది ఫైల్లో మిగిలింది

మాది షాఫ్టులు టర్నింగ్ చేసే మెషీన్ షాప్. క్వాలిటీ పద్ధతులకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9001 ఏం ఉండాలో చెబుతుంది కానీ ఎలా చేసుకోవాలో మనకే వదిలేస్తుంది, అందుకని గేజ్ ఆర్ అండ్ ఆర్, కంట్రోల్ చార్టు, ఫైవ్ వై, ఎఫ్‌ఎమ్‌ఈఏ అన్నీ ఒక్కొక్కటిగా తెచ్చిపెట్టుకున్నాం.

నా మొదటి ఓటు గేజ్ ఆర్ అండ్ ఆర్‌కి, అంటే ఒకే పీసుని వేర్వేరు మనుషులు మళ్లీ మళ్లీ కొలిస్తే రీడింగు ఎంత మారుతుందో చూసే పరీక్షకి. 25 మిల్లీమీటర్ల షాఫ్ట్, టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) అటూ ఇటూ 0.02. పగలు ఓకే అన్న పీసులు రాత్రి షిఫ్టులో రిజెక్ట్ అయ్యేవి, ఇక రోజూ గొడవే. చివరికి పది పీసులు, ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు, తలా మూడేసి సార్లు, మొత్తం 90 రీడింగులు, పీసు నంబరు వాళ్లకి కనబడకుండా తీయించాం. మొత్తం తేడాలో కొలత వల్ల వచ్చేది 10 శాతం లోపు ఉంటే మంచిది, 30 దాటితే ఆ కొలతని నమ్మకూడదు. మాకు 38 వచ్చింది! మైక్రోమీటర్ మీద క్యాలిబ్రేషన్ స్టిక్కర్ మాత్రం నిగనిగలాడుతోంది. పక్కన నిలబడి చూస్తే, ఒకాయన ఒత్తిడి మించకుండా జారిపోయే రాచెట్ ముట్టుకోకుండా, తిప్పే గొట్టం థింబుల్‌నే పట్టుకుని కుళాయి కట్టేసినట్టు బిగిస్తున్నాడు. దాంతో కొలత తక్కువ చూపించి, పై లిమిట్ దాటిన పీసు కూడా ఆయన చేతిలో పాసైపోయేది. అలవాటు మాన్పించాక 14కి దిగింది.

కొలతల్ని వరుసగా చుక్కలుగా పెట్టి పని అదుపులో ఉందో లేదో చూసే కంట్రోల్ చార్టు మొదట్లో మాకు దండగ ఖర్చే. సాఫ్ట్‌వేర్ కొన్నాం, సాయంత్రం ప్రింట్ తీసి ఫైల్లో పెట్టేవాళ్లం, అప్పటికి ఆ పీసులు లారీ ఎక్కేసేవి. తర్వాత కాగితం చార్టు మెషీన్ పక్కనే వేలాడదీసి, గంటకి ఐదు పీసులు కొలిచి సగటు చుక్కా రేంజ్ (పెద్ద కొలతకీ చిన్న కొలతకీ తేడా) చుక్కా ఆపరేటరే పెట్టాలన్నాం. అమెరికన్ ఇంజినీర్ వాల్టర్ షూహార్ట్ 1924లో గీసిన చార్టు కదా, దానికి కంప్యూటర్ ఏం అక్కర్లేదు. చుక్కలు పిచ్చిగా ఎగిరి పడుతుంటే ఎందుకా అని చూస్తే, ఆపరేటర్ ప్రతి పీసుకీ ఆఫ్‌సెట్ (టూల్ స్థానం సర్దుబాటు) మారుస్తున్నాడు, కాస్త ఎక్కువొస్తే ఇటు, తక్కువొస్తే అటు. మెషీన్‌కి ఉన్న ఊగుడు చాలక ఈయన ఊపు కూడా తోడైంది. వరుసగా ఏడు చుక్కలు ఒకే దిక్కుకి ఎక్కితే ఇన్సర్ట్ (కోసే మొన) అరుగుతున్నట్టు, అప్పుడు ముట్టుకో, అంతవరకూ చెయ్యి పెట్టకు అన్నాం. రీవర్క్ బాగా తగ్గింది.

'ఎందుకు' అని ఐదుసార్లు అడిగి అసలు కారణం పట్టే ఫైవ్ వై గురించి మొహమాటం లేకుండా చెప్పాలంటే, మొదటి నాలుగేళ్లు అదో నాటకం. ఎక్కడ మొదలెట్టినా ఐదో జవాబు 'ఆపరేటర్ నిర్లక్ష్యం', పరిష్కారం 'శిక్షణ ఇచ్చాం', సంతకం, క్లోజ్. మనిషి దగ్గర ఆగిపోతే ఫారం తీసుకోం అని పట్టుబట్టాకే దారిలో పడింది. ఫిక్స్చర్‌లో (పీసుని పట్టి ఉంచే అమరికలో) పీసు తిరగేసి పెట్టే తప్పుకి అంతకుముందు మూడుసార్లు శిక్షణ ఇచ్చాం. చివరికి ఒక చిన్న పిన్ను బిగిస్తే తిరగేసి పెట్టడమే కుదరకుండా పోయింది.

ఏది ఎలా చెడొచ్చో ముందే లెక్కేసే ఎఫ్‌ఎమ్‌ఈఏ విషయంలో నాది సగం సంతృప్తే. తీవ్రత, ఎంత తరచుగా వస్తుంది, పట్టుకోవడం ఎంత కష్టం, ఒక్కోదానికి పదిలో మార్కులేసి మూడూ గుణిస్తే వచ్చే రిస్క్ అంకె ఆర్‌పీఎన్. 9×2×3 కూడా 54, 3×6×3 కూడా 54, కానీ మొదటిదాంట్లో మనిషికి దెబ్బ తగలొచ్చు. పైగా మీటింగుల్లో అంకె వంద దాటకుండా మార్కులు సర్దేవాళ్లం, నేనూ సర్దాను. ఆటోమొబైల్ పరిశ్రమ వాళ్ల 2019 ఎఫ్‌ఎమ్‌ఈఏ హ్యాండ్‌బుక్‌లో ఆర్‌పీఎన్ తీసేసి యాక్షన్ ప్రయారిటీ (ముందు దేని మీద పని చేయాలో హై, మీడియం, లో అని చెప్పే పట్టిక) పెట్టాక ఆ సర్దుబాటు కాస్త కష్టమైంది, మంచిదే.

డాక్యుమెంట్లంటారా, ఐఎస్ఓ 9001 2015 వెర్షన్ క్వాలిటీ మాన్యువల్ తప్పనిసరి అనట్లేదు, మేమైతే ఆ లావు పుస్తకం వదిలించుకున్నాం, ఎవరూ వెతకలేదు.

ఇప్పటికీ తెగనిది ఒకటుంది. కంట్రోల్ చార్టులో రాత్రి మూడింటికి పెట్టాల్సిన చుక్క, నాలుగింటిది, ఐదింటిది, అన్నీ ఆరింటికి ఒకేసారి పడుతున్నాయి, ఒకే పెన్ను, ఒకే వాలు. మందలించినా లాభం లేదు, మర్నాడు పెన్ను మారుస్తున్నారు.