గ్రామర్ బ్యాచా, టాస్క్ క్లాసా, యాపా: మాట్లాడే ఇంగ్లీషుకు ఏది మేలు?

తెలుగు మీడియంలో డిగ్రీ చేసి ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చినవాళ్లు తరచూ అడిగేది ఇదే: అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్‌లో చేరాలా, ఫోన్‌లో యాప్ సరిపోతుందా? నేనైతే ఈ రెండింటికంటే ముందు, పనులు చేయిస్తూ నేర్పే టాస్క్ క్లాసు కోసం వెతకమంటాను.

గ్రామర్ బ్యాచ్‌ను తీసిపారేయలేం. పన్నెండు టెన్సుల చార్టు, తెలుగులో వివరణ పోటీ పరీక్షలకు బాగా పనికొస్తాయి. కానీ ఆ చార్టును గడగడా అప్పజెప్పేవాళ్లే ఇంటర్వ్యూలో ‘డిడ్ యూ వెంట్’ అనేస్తారు. రూల్ తెలియక కాదు, మాట్లాడుతూ దాన్ని గుర్తు తెచ్చుకునే తీరిక ఉండక.

టాస్క్ పద్ధతికి బలమైన పునాది పడింది మన దక్షిణాదిలోనే. 1979 నుంచి 1984 వరకు బడిపిల్లలతో చేసిన ‘బెంగళూరు ప్రాజెక్టు’ అనే ప్రయోగంలో ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు, గ్రామర్ పాఠాలు పక్కనపెట్టి, పిల్లలకు రైలు టైంటేబుళ్లు, మ్యాపులు ఇచ్చి లెక్కలు తేల్చమన్నారు. ధ్యాస జవాబు మీద ఉంటే భాష దానంతటదే పట్టుబడుతుందని ఆయన నమ్మకం.

క్లాసులో అదెలా ఉంటుందంటే: సికింద్రాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రైళ్ల పట్టిక బోర్డు మీద ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి అక్కడ పెళ్లి. ఏ రైలు ఎక్కాలి? ఒకరు ‘ఇట్ అరైవ్ ఎట్ ట్వెల్వ్’ అంటారు. టీచర్ అక్కడ ఆపి క్లాసు పీకరు. ‘యెస్, ఇట్ అరైవ్స్ ఎట్ ట్వెల్వ్. ఈజ్ దట్ ఎర్లీ ఎనఫ్?’ అంటారు. తప్పు సరైంది, మాట ఆగలేదు, పరువూ పోలేదు.

ప్రభు మాత్రం పిల్లల్ని గ్రూపులు చేయడానికి ఇష్టపడలేదు, ఒకరి తప్పులు ఇంకొకరికి అంటుకుంటాయని. పెద్దవాళ్లు నోరు తెరవాలంటే ఇద్దరిద్దరిగా మాట్లాడించడం అవసరమేనని నేననుకుంటాను. అయితే టీచర్ పక్కనుండి వినాలి. యాభై మంది బ్యాచ్‌లో అది జరిగే పని కాదు.

యాప్ మెట్రోలో కూర్చుని మాటలు నెమరేసుకోవడానికి మంచిది. సిగ్గు ఎక్కువున్నవాళ్లకు ఏఐతో మాట్లాడటం తొలిమెట్టు కావచ్చు. అంతకుమించి ఆశపడొద్దు.

ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి 1958లో మొదలైన సంస్థే నేటి ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ). అది మన తార్నాక దగ్గరే ఉంది. అలాంటి ఊళ్లో ఇంకా చార్టు బట్టీనే అమ్ముడుపోవడం నాకు బాధగా ఉంటుంది. డబ్బు కట్టేముందు డెమో క్లాసులో కూర్చోండి. గంటలో మీచేత ఎన్ని నిమిషాలు మాట్లాడించారో చూడండి. సార్ ఒక్కరే మాట్లాడితే ఇంకో చోటు చూసుకోండి.