కాస్ పీఠభూమి, పూల లోయ: పూలు చూసిన చోట్లు, తలదాచుకున్న చోట్లు

సారమున్న నేలలోనే పూలు విరగబూస్తాయని అనుకుంటూ వచ్చిన నాకు, మహారాష్ట్రలోని కాస్ పీఠభూమినీ ఉత్తరాఖండ్‌లోని పూల లోయనూ చూశాక ఆ నమ్మకం సడలింది.

సతారాకు సుమారు 25 కి.మీ. దూరంలో, 1,200 మీటర్ల ఎత్తున ఉన్న కాస్ నిజానికి ఒక విశాలమైన లాటరైట్ (ఇనుము నిండిన ఎర్రరాయి) రాతిపలక. దానిమీద మట్టి చాలాచోట్ల బెత్తెడు మందమైనా ఉండదు కనుక పెద్ద చెట్లకు వేరూనే వీలు లేదు. వాననీరు ఇంకక పల్లాల్లో నిలుస్తుంది, వేసవిలో అదే రాయి బోడిగా మాడుతుంది. ఆ కొద్ది నెలల తడిలోనే మొలిచి, పూసి, గింజ రాల్చుకోగల చిన్న మొక్కలదే ఇక్కడ రాజ్యం. నేను సెప్టెంబరులో వెళ్లాను. దారి నుంచి ఊదారంగు మరకలా కనబడినదాని పక్కన మోకాళ్లమీద కూర్చుంటే, అది యుట్రిక్యులేరియా గుంపు: గోరంత పువ్వు, నూలుపోగంత కాడ. దానికి అసలైన వేర్లే ఉండవు. తడిమట్టిలో దాగిన తిత్తులతో సూక్ష్మజీవులను లోపలికి లాక్కుని, ఆ నేల ఇవ్వలేని నత్రజనిని వాటినుంచి రాబట్టుకుంటుంది. జానెడు దూరంలోని డ్రోసెరా అనే కీటకాహారి మొక్క ఆకుమీద జిగురు బొట్లకు అంటుకున్న దోమ ఒకటి ఇంకా కాళ్లు కొట్టుకుంటూనే ఉంది. నీటిగుంటల అంచుల్లో మాత్రం ఎరియోకాలాన్ తెల్లని గుండీల్లా నిలబడి ఉంది.

రోజుకు ఇంతమందికే ప్రవేశమన్న నియమం ఉన్నందున ఆన్‌లైన్‌లో ముందుగా టికెట్ తీసుకోవడం మేలు. సెలవురోజు వెళ్లిన నాకు పూలకంటే ఫొటోలు దిగేవారే ఎక్కువ కనిపించారు. ఉదయపు వేళను ఎంచుకోకపోవడం నా పొరపాటే. కొండమీది దృశ్యం కనబడుతుందన్న మాట నమ్మి దగ్గరలోనే గది తీసుకుంటే, కిటికీలో రాత్రంతా పొగమంచు, పక్కమీద చెమ్మ, భోజనమేమో పదిన్నరకు. సతారాలో ఉండి తెల్లవారుజామున బయలుదేరడమే సుఖం.

పూల లోయ వేరే లోకం. 87.5 చ.కి.మీ. ఉన్న ఈ జాతీయ ఉద్యానం జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకే తెరచి ఉంటుంది. మిగతా కాలమంతా మంచు. పుల్నా దాకా జీపు, ఆపైన లోయకు దగ్గరి ఊరైన ఘాంగరియాకు సుమారు పది కిలోమీటర్ల నడక. లోయలో రాత్రి బసకు అనుమతి లేదు కాబట్టి రోజూ ఘాంగరియాకే తిరిగి రావాలి. మేము దిగిన వసతిగృహంలో వేడినీళ్లకు వేరే లెక్క, కరెంటు కొన్ని గంటలే. అయినా రెండు రజాయిలు ఇచ్చారు, తడిసిన బూట్లను పొయ్యి దగ్గర ఆరబెట్టారు.

ఇక్కడ ప్రతి పువ్వుకూ తన చోటు తనదే. భూర్జవృక్షాల నీడ దాటగానే తడి వాలుల్లో నడుమెత్తు బాల్సమ్ పొదలు, పుష్పావతి నది గులకరాళ్లలో గులాబిరంగు ఎపిలోబియం. నీలి పాపీ మాత్రం బండల సందుల్లో ఒంటరిగా ఉంటుంది. రెండు రోజుల్లో నాకు మూడే కనిపించాయి. బ్రహ్మకమలం ఈ లోయ బాటలో నాకు తగల్లేదు. దానికోసం మర్నాడు సిక్కుల పుణ్యక్షేత్రమైన హేమకుండ్ దారిలో ఊపిరాడని ఎత్తు దాకా ఎక్కితే, వానలో తడిసి ముడుచుకున్న పాలిపోయిన ఆకుల దొన్నెలు రాళ్ల మధ్య గుత్తులుగా కనిపించాయి.