కాంతిగ్రాహక కణానికి ఏది మేలు: గ్లైకాలిసిసా, మైటోకాండ్రియానా?

కంటి వెనుక పొర అయిన నేత్రపటలపు (రెటీనా) జీవరసాయనం చదువుతున్న విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఒక గ్లూకోజ్ అణువును గ్లైకాలిసిస్‌తో, అంటే ఆక్సిజన్ వాడకుండా, లాక్టేట్ దాకా విడగొట్టి వదిలేస్తే దక్కేవి రెండే ఏటీపీలు (కణం ఖర్చు చేసే శక్తి అణువులు). అదే అణువును కణపు శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో పూర్తిగా దహిస్తే దాదాపు 30 దక్కుతాయి. అలాంటప్పుడు ఆక్సిజన్ అందుతున్నా కాంతిగ్రాహక కణాలైన దండకణాలు (మసక వెలుతురు చూపుకు), శంకుకణాలు (పగటి చూపుకు) తాము తీసుకున్న గ్లూకోజ్‌లో అధిక భాగాన్ని లాక్టేట్‌గా ఎందుకు బయటికి పంపుతాయి? ఈ తీరును ఆటో వార్‌బర్గ్ 1920లలోనే కణితులలోనూ, నేత్రపటలంలోనూ గమనించారు.

ముందుగా మైటోకాండ్రియా పక్షం చూద్దాం. చీకటిలో దండకణపు బాహ్యఖండంలోని (కాంతిని పట్టే కొస భాగం) అయాన్ ఛానళ్లు తెరిచి ఉంటాయి కనుక సోడియం, కాల్షియం ఎడతెగకుండా లోనికి వస్తూనే ఉంటాయి. ఆ సోడియంను తోడిపోయడానికి దాని పక్కనే ఉన్న అంతరఖండంలోని పంపులు మూడు అయాన్లకు ఒక ఏటీపీ చొప్పున ఖర్చు చేస్తాయి. చిట్టెలుక దండకణం ఒక్కటి చీకటిలో సెకనుకు సుమారు పది కోట్ల ఏటీపీలు వాడుతుందనీ, ప్రకాశవంతమైన వెలుతురులో ఆ ఖర్చు నాలుగో వంతు కంటే దిగువకు పడిపోతుందనీ 2008లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. ఇంత ఖర్చును గ్లైకాలిసిస్ ఒక్కటే భరించడం కష్టం. అందుకే అంతరఖండంలో మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. పిల్లి నేత్రపటలంలో కొలిచి చూసినప్పుడు చీకటి వేళ అంతరఖండాలున్న పొరలో ఆక్సిజన్ దాదాపు సున్నాకు చేరినట్లు తేలింది. ఉదాహరణకు నూరు గ్లూకోజ్ అణువులలో తొంభై లాక్టేట్‌గా మారాయనుకుందాం. వాటి నుంచి వచ్చేవి 180 ఏటీపీలు, మిగిలిన పదింటి దహనం నుంచి వచ్చేవి 300. ఏటీపీ లెక్క ఒక్కటే చూసేవారికి తీర్పు ఇక్కడే దొరికిపోతుంది.

అయితే ఆ లెక్కతో ఆగిపోకూడదన్నది నా అభిప్రాయం. కాంతిగ్రాహక కణం ఎంత శక్తిని ఖర్చు చేస్తుందో, అంత శ్రమతో తన శరీరాన్ని తిరిగి కట్టుకుంటూ ఉంటుంది. బాహ్యఖండంలో దొంతరగా పేర్చి ఉండే పలుచని పొరల బిళ్లలైన చక్రికలలో సుమారు పదో వంతు ప్రతిరోజూ కొసన రాలిపోతుంది, వెనుకనున్న పిగ్మెంట్ ఎపిథీలియం అనే కణాల పొర వాటిని మింగేస్తుంది, బాహ్యఖండపు మొదలు వద్ద కొత్త చక్రికలు పుడతాయి. ఈ విధంగా దాదాపు పది రోజులలో బాహ్యఖండం మొత్తం కొత్తదవుతుంది. విభజన చెందని కణం ఇంత పెద్ద ఎత్తున పొరలను నిర్మించడం దేహంలో చాలా అరుదు. ఆ పొరల కొవ్వులకు కావలసిన గ్లిసరాల్ భాగమూ, కొన్ని అమైనో ఆమ్లాలూ గ్లైకాలిసిస్ నడిమి మెట్ల నుంచే విడివడి వస్తాయి. గ్లూకోజ్ మొదటి మెట్టులోనే పక్కదారి పట్టి ఇచ్చే ఎన్‌ఏడీపీహెచ్ (నిర్మాణ చర్యలకు ఎలక్ట్రాన్లు అందించే అణువు) లేకపోతే కొత్త కొవ్వు ఆమ్లాల తయారీ సాగదు, వెలుతురు తగిలి కాంతిని పట్టే ప్రోటీన్ రోడాప్సిన్ నుంచి విడిపోయిన రెటినాల్డిహైడ్‌ను రెటినాల్‌గా మార్చడమూ సాగదు. పూర్తిగా దహించిన గ్లూకోజ్ నుంచి చివరికి మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీరు. వాటితో పొర కట్టడం సాధ్యం కాదు.

లాక్టేట్ కూడా వృథా పోదు. కాంతిగ్రాహక కణాలకు రక్తనాళాలు నేరుగా అందవు. నేత్రపటలం వెనుకనున్న రక్తనాళాల పొర కొరాయిడ్ రక్తం నుంచి వచ్చే గ్లూకోజ్ పిగ్మెంట్ ఎపిథీలియం మీదుగానే రావాలి. ఆ ఎపిథీలియం లాక్టేట్‌ను ఇంధనంగా వాడుకున్నంతసేపు తన గ్లూకోజ్ వాడకాన్ని తగ్గించుకుంటుందనీ, దానివల్ల ఎక్కువ గ్లూకోజ్ లోపలికి చేరుతుందనీ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ హర్లీ బృందం 2017లో ప్రతిపాదించింది. నాకు ఈ వాదన ఎంతో బలమైనదిగా తోస్తుంది, ఎందుకంటే ఒక కణం విడిచిన పదార్థమే దాని ఆహారానికి దారి తెరుస్తోంది.

కొవ్వు ఆమ్లాల దహనం, క్రియాటిన్ ఫాస్ఫేట్ నిల్వ కూడా ఈ కణాలలో ఉన్నాయి. వాటి పాత్ర సహాయకమైనదే కనుక ఈ పోలికలో అవి తీర్పును మార్చవు.

వ్యాధులు ఈ వాదనకు గట్టి సాక్ష్యం ఇస్తాయి. గ్లైకాలిసిస్‌ను అడ్డుకునే అయోడోఅసిటేట్‌ను జంతువులకు ఇచ్చినప్పుడు లోపలి పొరల కంటే ముందు కాంతిగ్రాహక కణాలే నశిస్తాయని వెర్నర్ నోయెల్ 1951లోనే చూపారు. చూపును క్రమంగా పోగొట్టే వంశపారంపర్య వ్యాధి రెటినైటిస్ పిగ్మెంటోసాలో జన్యులోపం చాలామందిలో దండకణాలదే అయినా, ఏ లోపమూ లేని శంకుకణాలు కూడా ఆ తరువాత చనిపోతాయి. రోగి పగటి చూపు పోయేది అప్పుడే. దండకణాలు స్రవించే ఒక ప్రోటీన్ శంకుకణాలలోకి గ్లూకోజ్ ప్రవేశాన్ని పెంచుతుందని జోస్ సాహెల్, తియెరీ లెవెయార్ బృందం 2015లో వివరించింది. శంకుకణాలను కాపాడదలచిన చికిత్సలు మైటోకాండ్రియా కంటే ముందు ఈ గ్లూకోజ్ దారి మీద దృష్టి పెట్టాలని నేను నమ్ముతున్నాను.

అదే నేత్రపటలంలోని గాంగ్లియన్ కణాల విషయానికి వస్తే నా మొగ్గు పూర్తిగా మైటోకాండ్రియా వైపే. చక్రికలు కట్టే పని వాటికి లేదు. సన్నని పొడవాటి తంతువుల గుండా మెదడుకు సంకేతాలు పంపడమే వాటి పని. మైటోకాండ్రియా డీఎన్‌ఏ లోపంతో వచ్చే లెబర్ వంశపారంపర్య దృష్టినాడి వ్యాధిలో దెబ్బతినేవి ప్రధానంగా ఈ కణాలే. కల్తీ సారాలోని మిథనాల్ దేహంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి మైటోకాండ్రియా శ్వాసక్రియను అడ్డుకున్నప్పుడు కూడా మొదట దెబ్బతినేది ఈ కణాల తంతువులతో ఏర్పడిన దృష్టినాడే.